‘ఇన్నా వోణుం నైనా?’: పాత వాషర్‌మన్‌పేట టిఫిన్ బండి

చెన్నైలో ఎం.సి. రోడ్డుకి బట్టల కోసం వెళ్ళి ఆకలేస్తే వెనక సందులో ఉన్న టిఫిన్ బండి దగ్గరికి పోండి. బోర్డు లేదు. సాయంత్రం ఆరు దాటితేగానీ పొయ్యి వెలగదు. కల్‌దోసె, వడకర్రి, ఈ రెండూ తినండి చాలు. దోసె మందంగా, మెత్తగా ఉంటుంది. కరకరలాడేది కావాలంటే ఇంకో చోటు చూసుకోండి. వడకర్రిలో శనగపప్పు వడలు చిదిమి వేస్తారు, మసాలా బాగా పీల్చుకుని సోంపు వాసనతో ఉంటుంది. ఇడ్లీ మాత్రం ఏడున్నర తర్వాత అడక్కండి, గట్టిపడిపోతుంది. చిల్లర దగ్గరుంచుకోండి.

నాలుగేళ్ళుగా నేను అక్కడికే పోతున్నది దోసె కోసం కాదు. పెనం దగ్గరుండే పెద్దాయన ఎవరొచ్చినా ‘ఇన్నా వోణుం నైనా?’ అంటాడు, ఏం కావాలి నాయనా అని. ఆటో డ్రైవరైనా, కాలేజీ కుర్రాడైనా అంతే. ఆ నైనా మన నాయనే! మద్రాసు భాషలోకి, అంటే ఇక్కడి వీధి తమిళంలోకి, ఉర్దూ నుంచి గలీజు, బేజారు వచ్చినట్టే తెలుగు నుంచి నాయన వెళ్ళి నైనా అయ్యాడు. అర్థం తండ్రే, కానీ వీధిలో మర్యాదకీ చనువుకీ కూడా అదే పిలుపు. తమిళంలో మర్యాదగా ‘వాంగ’ (రండి) అనాలి కదా, ఈయన ‘వా (రా) నైనా’ అంటాడు. ‘వా’తో తగ్గించిన మర్యాదని ‘నైనా’తో ఇచ్చేస్తాడు. మనవైపు ముసలమ్మలు పసివాణ్ణి ‘రా నాయనా’ అనడం లేదూ! ఆ మాటకొస్తే ఈ ఊరికీ ఒకరి నాయన పేరే పెట్టారంటారు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఇక్కడి నేల ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడి తండ్రి చెన్నప్ప. చెన్నపట్నం ఆయన పేరేనట.

పోయిన నెల మా నాయన గూడూరు నుంచి వస్తే తీసుకెళ్ళాను. ‘వా నైనా, కుందు’ అని పెద్దాయన స్టూలు చూపించాడు.

“ఎవుర్రా ఆయన, నన్ను నాయనా అంటన్నాడు? మన గూడూరోడా?”

“కాదు నాయనా, ఇక్కడివాడే.”

నమ్మలేదు. రెండు దోసెలు తిని, డబ్బులిస్తూ తెలుగులోనే చెప్పాడు: “దోసె బాగుంది నాయనా, చెట్నీలో నీళ్ళు తగ్గించు.” పెద్దాయనకి ఎంత అర్థమైందో గానీ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

నిన్న మళ్ళీ వెళ్ళాను. చెట్నీ ఇంకా నీళ్ళగానే ఉంది. 5కి 4.