అరవై దాటాక: బీచ్ రోడ్డు నడకా, బరువుల కసరత్తా?

విశాఖలో ఉద్యోగ విరమణ చేసినవారికి మొదట అందే సలహా ఒకటే: "ఉదయాన్నే ఆర్.కె. బీచ్‌కి వెళ్లండి." ఇప్పుడు దానికి పోటీగా జిమ్‌లు వచ్చాయి.

ఖర్చు: నడకకు మంచి బూట్లు చాలు. జిమ్‌కు నెలనెలా రుసుము. అయితే ఇంట్లో గట్టి కుర్చీ, రెండు నీళ్ల సీసాలు ఉంటే కసరత్తూ ఉచితమే.

శ్రమ: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చురుకైన నడక వారానికి కనీసం 150 నిమిషాలు కావాలి. కండరాల కసరత్తు 2 రోజులు చాలు.

లాభం: అసలు తేడా ఇక్కడే. నడక గుండెకు, రక్తపోటుకు, నిద్రకు మంచిది. బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి దగ్గర ఆగి చెప్పుకునే కబుర్లు మనసుకు మంచివి. (కొందరికి నడక కంటే కబుర్లే ఎక్కువ, అది వేరే సంగతి.) కానీ వయసుతో కరిగిపోయే కండను నడక ఒక్కటే కాపాడలేదు. నేల మీద నుంచి లేవడానికి, బియ్యం సంచి ఎత్తడానికి, కాలు జారితే నిలదొక్కుకోవడానికి కావలసింది తొడల బలం. నడిచేవారు చాలామంది ఈ సంగతి పట్టించుకోరు.

ప్రమాదం: నడకకు వేసవి ఉక్కపోతే శత్రువు. బరువులెత్తుతూ ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఎన్నడూ వ్యాయామం చేయనివారికి, ఒంటరిగా ఉంటున్నవారికి నడకే తొలి మెట్టు. ఏళ్ల తరబడి నడుస్తున్నా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేనివారికి మాత్రం బరువులే. మోకాళ్లు నొప్పెడుతుంటే ముందు ఫిజియోథెరపిస్టును కలిసి, తొడ కండరాలతో మొదలుపెట్టవచ్చు.