తాజా ఐపీఏనా, ఇంపీరియల్ స్టౌటా?

క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదారుల ప్రత్యేక బీరు) కొత్త విడుదలల్లో చేదు, పరిమళం ఎక్కువగా ఉండే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్), నల్లగా, చిక్కగా, ఘాటుగా ఉండే ఇంపీరియల్ స్టౌట్, ఈ రెండింటి మధ్య సందిగ్ధం తరచూ ఎదురవుతుంది.

లభ్యత: ఐపీఏ ఏడాది పొడవునా దొరుకుతుంది, స్టౌట్ ఎక్కువగా చలికాలంలో, పరిమితంగా వస్తుంది, ధర కూడా ఎక్కువే.

నిల్వ: ఐపీఏకు ప్రాణం హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) పరిమళం, వెచ్చని అరలో ఉంచిన డబ్బాలో అది కొన్ని వారాలకే సన్నగిల్లి, నానిన అట్టముక్క వాసన మొదలవుతుంది కనుక, కొనేముందు డబ్బాపై ముద్రించిన తేదీని తప్పక చూడాలి. సాధారణంగా 8 శాతం పైబడిన ఆల్కహాల్ గల ఇంపీరియల్ స్టౌట్ మాత్రం చల్లని చీకటి చోట ఏళ్ల తరబడి నిలుస్తుంది.

భోజనం: ఐపీఏ చేదు వేపుళ్ల జిడ్డును నోటి నుంచి వదిలిస్తుంది, కానీ కారపు మంటను పెంచుతుంది; ఈ సంగతిని చాలామంది పట్టించుకోరు. స్టౌట్‌కు చాక్లెట్‌తో చక్కగా జత కుదురుతుంది.

వెంటనే తాగేవారికి ఐపీఏ, దాచుకుని భోజనానంతరం నలుగురితో పంచుకునేవారికి స్టౌట్ నప్పుతాయి.