మిద్దెతోటకు కొన్న వర్మీకంపోస్టు: రెండు బస్తాల సంగతి

నల్లగొండలో మా మిద్దె మీద ఇరవై రెండు కుండీలు, ఆరు గ్రోబ్యాగులు ఉన్నాయి. వాటి కోసం నిరుడు మృగశిర కార్తెకు ముందు పట్టణంలోని ఒక విత్తనాల దుకాణంలో 25 కిలోల వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) బస్తాలు రెండింటిని, బస్తా 350 రూపాయల చొప్పున కొన్నాను. రెండింటి మీదా ఒకే ముద్ర ఉన్నా లోపలి సరుకు ఒకటి కాదు. ఏ బస్తా మీదా తయారీ తేదీ కూడా లేదు.

మొదటి బస్తా విప్పగానే తొలకరికి తడిసిన నేల వాసన వచ్చింది. ఎరువు నల్లగా, ఆరిన టీపొడిలాగా ఉంది. గుప్పిట్లో పిసికితే ముద్దయింది, వేలితో తాకితే విడిపోయింది. రెండో బస్తా కుట్టు విప్పితే పచ్చిపేడ కంపు, కుళ్లని గడ్డిపరకలు, మధ్యమధ్య గులకరాళ్లు. పిసికితే వేళ్ల సందుల్లోంచి నీరు కారింది. అనుమానం తీరక ఒక కిలో తూచి, పాత దినపత్రిక మీద పరచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి మళ్లీ తూచితే 650 గ్రాములే తేలింది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీకంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. ఇందులో ఆరిపోయిన తేమే 35 శాతం, లోపల మిగిలింది వేరే. అంటే నేనిచ్చిన డబ్బులో 120 రూపాయలకు పైగా నీళ్లకే పోయాయన్నమాట. దుకాణానికి తీసుకుపోయి చూపిస్తే, "మాకే అట్లొచ్చింది మేడం" అన్నారు గాని, పేచీ పెట్టకుండా బస్తా మార్చి ఇచ్చారు. ఆ మేరకు దుకాణాన్ని తప్పుపట్టను.

మంచి ఎరువు చేసిన మేలు మట్టిలోనే మొదట కనబడింది. మా వైపు ఎర్ర చెలక మట్టి తడిసి ఆరితే పైన పెంకు కట్టి, మొలకను పైకి రానివ్వదు. రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపి నింపిన తరువాత ఆ పెంకు దాదాపు కట్టలేదు. పోల్చి చూడడానికి ఒక కుండీని ఉత్త మట్టితోనే ఉంచాను. ఈ ఎండకాలం పొద్దున పోసిన నీరు సాయంత్రానికి అందులో పూర్తిగా ఆవిరయ్యేది. ఎరువు కలిపిన కుండీలో వేలు దించితే రెండో కణుపు లోతున ఇంకా చల్లగా తగిలేది.

అయితే దీన్ని యూరియాతో పోల్చుకుని కొనేవారికి నిరాశే మిగులుతుంది. యూరియాలో నత్రజని 46 శాతం ఉంటే, వర్మీకంపోస్టులో కనీసం ఒక శాతం ఉంటే చాలునన్నది నిబంధన. నాలుగు రోజుల్లో మొక్క పచ్చబడడం ఇందులో ఉండదు. నెలకోసారి కుండీకి రెండు గుప్పెళ్లు వేస్తూ పోతే పుంటికూర (గోంగూర), తోటకూర, మెంతికూర సమృద్ధిగా వచ్చాయి, వంగ పరవాలేదు, టమాట మాత్రం ఖర్చుకు తగ్గట్టు కాయలేదు. వంగకు పట్టిన పిండినల్లికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి, వారానికోసారి సాయంత్రం పూట చల్లితే అదుపులోకి వచ్చింది. మందు కొట్టని పుంటికూరను కోసిన అరగంటలో పప్పులో వేసుకోవడమే ఈ పెట్టుబడికి నాకు దక్కిన ప్రతిఫలం. కూరగాయల ఖర్చు తగ్గుతుందని మాత్రం ఎవరికీ చెప్పను.

మరొక మాట కూడా చెప్పాలి. నల్లగొండలో నీటి మాట ఎత్తకుండా ఆరోగ్యకరమైన కూరల గురించి మాట్లాడలేము. తాగడానికి మిషన్ భగీరథ నీరు వస్తున్నా, మొక్కలకు మేము పోసేది బోరు నీరే. దాని ఉప్పు కుండీల అంచున తెల్లగా పేరుకుంటుంది, ఈ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. ఎరువు ఎంత మంచిదైనా ఆ లోటును తీర్చలేదు. అందుకే వానాకాలంలో మిద్దె నీటిని పీపాలో పట్టి, ఆకుకూరలకు ముందుగా వాటినే పోస్తున్నాను.

మూడో బస్తాకు అదే దుకాణానికి వెళ్లాను. ఈసారి అక్కడే కుట్టు విప్పించి, ఒక గుప్పెడు పిసికి చూసి, వాసన చూసిన తరువాతే డబ్బులిచ్చాను. దుకాణదారు నవ్వుతూ, చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చారు.