ఐసీయూనా, ఇంటి దగ్గర ఉపశమన వైద్యమా?

తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లలకు మింగడం కష్టం. పాలో జావో ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ న్యుమోనియా వస్తుంది. ఈసారి వస్తే ఏం చేయాలన్నది అర్ధరాత్రి క్యాజువాలిటీ గుమ్మంలో, ఆ టెన్షన్‌లో తేల్చుకునే విషయం కాదు.

ఒక దారి ఐసీయూ, వెంటిలేటర్. బిడ్డ మొన్నటిదాకా నవ్వుతూ, మనల్ని గుర్తుపడుతూ ఉండి, ఇన్ఫెక్షన్ తగ్గేదే అయితే నేను దీనివైపే. కానీ ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాక వెంటిలేటర్ తీయడమే కష్టమవుతుంది. కర్నూలు పెద్దాసుపత్రి నుంచి హైదరాబాద్ తీసుకుపోవాలంటే 200 కిలోమీటర్లకు పైగా అంబులెన్సు ప్రయాణం. ఐసీయూలో అమ్మను పక్కన ఉండనివ్వడమూ తక్కువే.

రెండోది ఉపశమన వైద్యం, అంటే జబ్బును నయం చేయడం కంటే బాధ తగ్గించడం మీద దృష్టి పెట్టే పాలియేటివ్ కేర్. బంధువులు ఏమన్నా సరే, ఇది బిడ్డను వదిలేయడం కాదు. ఆయాసానికి తక్కువ మోతాదులో మార్ఫిన్, ఫిట్స్‌కు మందు, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. అయితే పిలిస్తే పలికే డాక్టరు, మందు వేయడం నేర్చుకున్న మనిషి తప్పనిసరి. ఆ రెండూ లేకుండా ఇంటికి తెచ్చుకుంటే బిడ్డకు నరకమే.

2018లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న ముందస్తు వైద్య నిర్దేశం (తాము చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రం) పెద్దవాళ్లు తమకోసం రాసుకునేది. పిల్లల విషయంలో అమ్మానాన్నలు, డాక్టరు కలిసి నిర్ణయించాలి. 18 ఏళ్లు దాటితే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి సంరక్షకత్వం (బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కు) కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.

ఐసీయూలో చేర్చినా ఎన్ని రోజులు చూద్దామో డాక్టరుతో ముందే మాట్లాడి, రాయించి, ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి.