పర్సనాలిటీ టెస్ట్ కెరీర్ రిపోర్ట్ కొన్నాను, నా రివ్యూ

ఉద్యోగం మారాలా వద్దా అని నెలల తరబడి తేల్చుకోలేక ఆన్‌లైన్‌లో పర్సనాలిటీ టెస్ట్ రాశాను, పదహారు టైపులు, నాలుగు అక్షరాలు ఉంటాయి కదా ఆ తరహాది. టెస్ట్ ఫ్రీ, కెరీర్ రిపోర్ట్‌కి డబ్బు కట్టాలి, కట్టాను. ఐఎన్‌టీజే అని వచ్చింది. చదువుతుంటే ఎవరో నన్ను పక్కనే ఉండి చూసి రాసినట్టు అనిపించింది, డేటా అనలిస్ట్, ఆర్కిటెక్ట్ అని ఉద్యోగాలు ఇచ్చారు. ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తే ఐఎన్‌ఎఫ్‌జే! మారింది ఒక్క అక్షరం, టీ (థింకింగ్, అంటే లెక్క చూసేవాళ్లు) పోయి ఎఫ్ (ఫీలింగ్, అంటే మనసు చూసేవాళ్లు) వచ్చింది, ఉద్యోగాలేమో కౌన్సెలర్, టీచర్, రైటర్ అయిపోయాయి.

రెండు రిపోర్ట్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటిసారి థింకింగ్ 52 శాతం, రెండోసారి 47. ఆ కాస్త తేడాకే నన్ను ఇటు నుంచి అటు వేసేశారు. "నిర్ణయాల్లో లెక్క చూస్తారా, ఎదుటివాళ్ల మనసు చూస్తారా" అన్న ప్రశ్న మొదటిసారి డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉండగా వచ్చింది, రెండోసారి టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి రోజంతా పని నేర్పించి వచ్చిన సాయంత్రం వచ్చింది, ఏ రోజు ఏది గుర్తుంటే అది నొక్కాను.

స్విట్జర్లాండ్ సైకియాట్రిస్ట్ కార్ల్ యూంగ్ 1921లో రాసిన టైపుల సిద్ధాంతాన్ని పట్టుకుని క్యాథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మైయర్స్ తయారుచేసిన పద్ధతి ఇది, వాళ్ల ఒరిజినల్ టెస్ట్ అమ్మేవాళ్లే దీన్ని చూసి ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకోవద్దంటారు. అచ్చం నా గురించే అనిపించడం కూడా కొత్తేం కాదండి, 1948లో ఫోరర్ అనే సైకాలజిస్ట్ స్టూడెంట్స్ అందరికీ ఒకటే వర్ణన ఇస్తే సరిగ్గా ఉందని సగటున 5కి 4 పైనే మార్కులేశారు.

అలాగని మొత్తం వేస్ట్ అనను. ఎక్కువ మందితో వరుసగా మీటింగ్‌లుంటే మీరు అలిసిపోతారు, మధ్యలో గ్యాప్ పెట్టుకోండి అన్న ముక్క రెండు రిపోర్ట్‌ల్లోనూ ఉంది, పాటిస్తున్నాను, నిజంగా తేడా తెలుస్తోంది. కానీ దానికి అంత డబ్బు అక్కర్లేదు.

నాకు ఎక్కువ పనికొచ్చింది ఓ-నెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్, అమెరికా కార్మిక శాఖది, పూర్తిగా ఫ్రీ, 60 ప్రశ్నలు. మీరెలాంటి మనిషి అని అడగదు, పనులు చూపించి ఇష్టమా కాదా అంటుంది, కిచెన్ కేబినెట్లు చేయడం, కొత్త మందు కనిపెట్టడం, ఒకరికి ఎక్సర్‌సైజ్ నేర్పించడం, ఇలా. చదువు సరిపోతుందా, జీతం ఎంతొస్తుంది అన్నది పక్కనపెట్టి చెప్పమంటుంది, అది చాలా నచ్చింది. నేర్పించే పని వచ్చిన ప్రతిసారీ ఆలోచించకుండా చాలా ఇష్టం అని నొక్కుతున్నానని సగంలోనే గమనించాను, చివరికి సోషల్, అంటే మనుషులకి నేర్పించే, సాయం చేసే పనుల విభాగం, టాప్‌లో వచ్చింది.

కెరీర్ రిపోర్ట్‌కి 5కి 2 స్టార్లు, ఓ-నెట్‌కి 4. ఉద్యోగం మారలేదు, కొత్తగా చేరేవాళ్ల ట్రైనింగ్ నాకివ్వమని మేనేజర్‌ని అడిగాను, వచ్చే నెల నుంచి మొదటి బ్యాచ్.