విదేశీ యాత్రకు ఏజెంటు తీసిన బీమా: మీ పేరుతో నింపిన ప్రపోజల్ ఫారం చూడకుండా విమానం ఎక్కవద్దు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ట్రావెల్ ఏజెంట్ల ద్వారా సింగపూరు, మలేసియా, థాయిలాండ్ యాత్రలకు డబ్బు కడుతున్నవారికి, ముఖ్యంగా 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రులను పంపుతున్నవారికి ఈ హెచ్చరిక. "ప్యాకేజీలో ఇన్సూరెన్స్ కూడా కలిపే ఉందండి" అని ఏజెంటు అంటే అంతటితో ఊరుకోకండి. ఆ ఇన్సూరెన్స్ కోసం కంపెనీకి ఇచ్చిన దరఖాస్తులో, అంటే ప్రపోజల్ ఫారంలో, మీ పేరుతో ఏం రాశారో చూపించమని గట్టిగా అడగండి. మా కుటుంబం నష్టపోయింది ఆ కాగితం వల్లనే.

మా నాన్నగారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, చాలా ఏళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నారు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక ట్రావెల్ కార్యాలయం వారి బృంద యాత్రకు అమ్మతో కలిసి పేరు ఇచ్చినప్పుడు ఆ సంగతి తనంతట తానే చెప్పి, మందుల చీటీ జిరాక్సు కూడా ఇచ్చారు. ప్రయాణానికి ముందు వాట్సాప్‌లో ఒక్క పేజీ సర్టిఫికెట్ వచ్చింది. అందులో పాలసీ నంబరు, తేదీలు, 50,000 డాలర్ల బీమా మొత్తం, ఒక ఫోన్ నంబరు తప్ప మరేమీ లేవు. సింగపూరులో నాన్నగారికి బీపీ బాగా పెరిగి, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి, మాట తడబడటంతో ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి పౌరులకు దొరికే ప్రభుత్వ రాయితీ పర్యాటకులకు వర్తించదు కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా పూర్తి ధర కట్టాల్సిందే. ముందు డిపాజిట్ అడిగారు. బీమా కంపెనీ సహాయ కేంద్రం వివరాలన్నీ తీసుకుని, మర్నాడు క్యాష్‌లెస్ (ఆసుపత్రి బిల్లును కంపెనీయే నేరుగా కట్టే సదుపాయం) ఇవ్వలేమని చెప్పింది. మా తమ్ముడు ఇక్కడి నుంచి డబ్బు సర్దాడు. నాన్నగారు కోలుకుని క్షేమంగా ఇంటికి చేరారు గానీ, ఆ తర్వాత పెట్టిన క్లెయిమును కంపెనీ తిరస్కరించింది.

మేము అడిగి తెప్పించుకున్న ప్రపోజల్ ఫారం నకలు చూశాక అసలు సంగతి బయటపడింది. బీపీ, మధుమేహం, గుండె, మూత్రపిండాల జబ్బులు ఏమైనా ఉన్నాయా అన్న ప్రశ్నకు ఎదురుగా "లేదు" అని ఉంది. వాడుతున్న మందుల గడి ఖాళీ. మొబైల్ నంబరూ ఈమెయిలూ నాన్నగారివి కావు, ఏజెంటువి. అంటే ఓటీపీ ఏజెంటుకే వెళ్లింది, "పై వివరాలన్నీ నిజమే" అన్న అంగీకారమూ ఆ ఏజెంటే ఇచ్చారు, నిబంధనలున్న పూర్తి పాలసీ పత్రం కూడా ఆయన మెయిల్‌లోనే ఉండిపోయింది. ఇక ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ మొదటి వరుసలోనే రోగికి ఏళ్ల తరబడి బీపీ ఉందని, ఫలానా మాత్ర వాడుతున్నారని రాసి ఉంది. అక్కడి డాక్టరు అడిగితే అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది మరి. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి కంపెనీ క్లెయిమును కొట్టివేసింది. నిలదీస్తే ఏజెంటు ఇచ్చిన సమాధానం: "బీపీ అని పెడితే పాలసీ రావడం లేటవుతుందండి, అందరికీ అలాగే పెడతాం." అందరికీ అలాగే పెడుతున్నారంటే, వారి దగ్గర పేరు ఇచ్చిన పెద్దవాళ్లందరి పరిస్థితీ ఇదే.

జబ్బు దాచిపెడితే పాలసీ సులువుగా వస్తుందన్న మాట నమ్మకండి. విదేశీ ప్రయాణ పాలసీలు చాలావరకు ముందునుంచి ఉన్న జబ్బుకు చికిత్స ఖర్చు ఇవ్వవు. అయితే ఆ జబ్బును ముందే తెలిపినవారికి ప్రాణాపాయ స్థితిలో కొంత పరిమితి వరకు ఇచ్చే ప్లాన్లు ఉన్నాయి. ప్రీమియం కొంత పెరిగినా పెద్దవాళ్లకు కొనవలసినవి అవే. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఇక్కడ గుర్తుంచుకోదగినది. మధుమేహం ఉన్నట్టు ముందే వెల్లడించి విదేశీ ప్రయాణ పాలసీ తీసుకున్న వ్యక్తికి అమెరికాలో దిగగానే గుండెపోటు వస్తే, కంపెనీ పాత జబ్బు పేరు చెప్పి క్లెయిము నిరాకరించింది. జబ్బు సంగతి తెలిసి పాలసీ ఇచ్చిన కంపెనీ తర్వాత దాన్నే సాకుగా చూపకూడదని కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ముందే రాసి ఇచ్చిన మాటే ఆయనను కాపాడింది. మన శ్రీకాకుళం జిల్లాలో ఇది మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ పరీక్షలు చేయించుకుంటూ మందులు వాడుతున్నవారు ఎంతోమంది ఉన్నారు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఎక్కువని ఒక్క రిపోర్టు వచ్చి ఉన్నా ఫారంలో రాయించండి.

ఫారం తర్వాత చూడవలసింది పాలసీ లోపలి పరిమితులు. 60 దాటినవారికి అమ్మే చాలా ప్లాన్లలో పైకి 50,000 డాలర్లు కనిపించినా, లోపల గది అద్దెకు, ఐసీయూకు, శస్త్రచికిత్సకు విడివిడిగా హద్దులు ఉంటాయి. పైగా మొదటి కొంత మొత్తం, చాలా పాలసీల్లో 100 డాలర్లు, మనమే భరించాలి. ఐరోపా వెళ్లేవారికి షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కనుక ఆ అంకె ఒక్కటీ సరిచూసి పాలసీ చేతిలో పెడతారు, మిగతాది ఎవరూ చదవరు. గల్ఫ్ పనులకు వెళ్లే మనవాళ్లు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజన వేరు. పర్యాటకులుగా వెళ్లేవారికి అది వర్తించదు.

విదేశంలో ఒంట్లో బాగాలేకపోతే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, ఆసుపత్రిలో చేరకముందే సహాయ కేంద్రానికి ఫోన్ చేసి రిఫరెన్స్ నంబరు రాసుకోండి. డిశ్చార్జి సమ్మరీ, విడి విడి బిల్లులు, డబ్బు కట్టిన రసీదులు, బోర్డింగ్ పాసులు ఒక్కటి కూడా పారేయవద్దు.

క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరులో గానీ దాన్ని నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోదే. అక్కడ రుసుము లేదు, వకీలు అవసరం లేదు. మేము ఇప్పుడు కంపెనీ జవాబు కోసం చూస్తున్నాం. నాన్నగారు ఏజెంటుకు మందుల చీటీ పంపిన వాట్సాప్ సందేశాన్ని, దాని తేదీతో సహా, ఫిర్యాదుకు జతచేశాం.

సంక్రాంతి, వేసవి సెలవుల యాత్రలకు ఇప్పటికే డబ్బు కట్టినవారు ఈ వారమే ఫారం నకలు అడగండి. మీ నంబరూ మెయిలూ లేకపోయినా, జబ్బుల గడిలో తప్పు ఉన్నా, మనదేశం దాటకముందే కంపెనీకి నేరుగా రాసి సరిచేయించండి, లేదా ఆ పాలసీ రద్దు చేయించి మీ ఫోన్ నుంచి మీరే కొత్తది తీసుకోండి. నకలు ఇవ్వడానికి ఏజెంటు వెనకాడితే, సర్టిఫికెట్ మీది పాలసీ నంబరు చెప్పి కంపెనీనే అడగండి. మాకు నకలు దొరికింది అలాగే.