పల్లె కౌంటీలు, పట్నం కౌంటీలు: ‘స్టేట్ క్యాన్సర్ ప్రొఫైల్స్’ సేవపై అనంతపురం నుంచి ఒక సమీక్ష

అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థ, వ్యాధి నియంత్రణ కేంద్రం కలిసి నడుపుతున్న ‘స్టేట్ క్యాన్సర్ ప్రొఫైల్స్’ అనే ఉచిత వెబ్‌సైట్‌తో అనంతపురంలో ఉన్నవాళ్ళకు పనేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ దేశంలోని మూడు వేల పైచిలుకు కౌంటీలలో (కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం) ఎక్కడెక్కడ ఏ క్యాన్సర్ ఎంత రేటున కొత్తగా బయటపడుతోంది, ఎంతమంది దానివల్ల చనిపోతున్నారు, ఆ రేటు పెరుగుతోందా తగ్గుతోందా అన్నవి చూపించడమే దాని పని. మన రోగికి గానీ, మన వైద్యుడికి గానీ దానివల్ల నేరుగా ఒరిగేదేమీ లేదు. అయినా డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పే వృత్తిలో ఉన్నందువల్ల, పల్లెకూ పట్నానికీ మధ్య జబ్బు లెక్క ఎలా మారుతుందో, ఆ తేడాను ఎంత జాగ్రత్తగా చదవాలో నేర్పడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకింకా కనబడలేదు. అందుకే ఈ సమీక్ష.

రాష్ట్రాన్ని, క్యాన్సర్ రకాన్ని, వయసును, స్త్రీలా పురుషులా అన్నదాన్ని ఎంచుకుంటే ఒక పట్టిక తెరుచుకుంటుంది. కౌంటీ పేరుకు ఎదురుగా అది గ్రామీణమా పట్టణమా అన్న గుర్తు, లక్ష జనాభాకు ఏటా ఎన్ని కొత్త కేసులన్న రేటు, ఆ రేటుకు కింది హద్దు, పై హద్దు (అసలు రేటు ఏ పరిధిలో ఉండవచ్చో చెప్పేవి), ఏడాదికి సగటున నమోదైన కేసుల సంఖ్య, ఇటీవలి ధోరణి ఉంటాయి. రేటు ఒక్క ఏడాదిది కాకుండా ఐదేళ్ళ సగటుగా ఇస్తారు. పైగా అది వయసు తేడాలను సవరించిన రేటు, అంటే ప్రతి కౌంటీలోనూ 2000 నాటి అమెరికా జనాభాలో ఉన్నట్టే పిల్లలు, నడివయసువారు, ముసలివారు ఉన్నారనుకుని వేసిన లెక్క. క్యాన్సర్ ప్రధానంగా వయసుతో పెరిగే జబ్బు కాబట్టి, యువత చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళిపోయి పెద్దవాళ్ళే మిగిలిన పల్లెలో కేసులు ఎక్కువగా కనబడటం సహజం. ఆ సవరణ చేయకపోతే పల్లె గాలిదో నీటిదో దోషమని పొరబడతాం.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం, తెలియనిచోట అది మౌనంగా ఉండటం. ఒక కౌంటీలో ఆ ఐదేళ్ళలో కలిపి కేసులు 16 కన్నా తక్కువగా ఉంటే రేటు వేయరు, ఆ గడిలో నక్షత్రపు గుర్తు (*) మాత్రం పెట్టి వదిలేస్తారు. ఇందులో వ్యక్తుల గోప్యత కొంత, గణాంక నిజాయతీ కొంత ఉన్నాయి. అమెరికాలో లాస్ ఏంజెలిస్ కౌంటీలో కోటి మంది ఉంటే, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన ప్రకారం ఉన్నది 64 మందే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రేట్లు పోల్చడం అర్థంలేని పని. లవింగ్‌లో ఒక్క ఇంట్లో ఒక్కరికి జబ్బు వచ్చినా రేటు ఆకాశానికి అంటుతుంది, రాకపోతే సున్నా అవుతుంది. చిన్న జనాభాలో అంకెలు ఎంత విపరీతంగా ఊగుతాయో మా తరగతిలో సూత్రాలతో చెప్పినప్పటికన్నా, ఆ ఖాళీ గడులను తెరమీద చూపినప్పుడు పిల్లలకు బాగా తలకెక్కుతోంది.

పట్టికను రేటు ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి అమర్చి చూస్తే ఇంకొక గొప్ప పాఠం దొరుకుతుంది. ఫ్లోరిడాలోని యూనియన్ కౌంటీ, పట్టుమని పదహారు వేల జనాభా ఉన్న గ్రామీణ కౌంటీ, దేశంలోనే అత్యధిక రేటుతో పైన నిలబడుతుంది. ఆ రాష్ట్ర సగటుకు అది రెట్టింపును మించిన రేటు. మొదటిసారి చూసినవారెవరైనా అక్కడ ఏ విషపు కర్మాగారమో ఉందనుకుంటారు. అక్కడున్నది రాష్ట్ర జైళ్ళ శాఖకు చెందిన వైద్య కేంద్రం. రాష్ట్రం నలుమూలల నుంచి జబ్బుపడ్డ ఖైదీలను అక్కడికే తరలిస్తారు, వాళ్ళు ఆ కౌంటీ నివాసుల కిందే లెక్కకు వస్తారు. అసలే చిన్న జనాభా కావడంతో ఆ భారమంతా రేటులో కనబడుతుంది. అంకె నిజమే, కేసులూ నిజమే, కానీ ఆ నేలకూ ఆ జబ్బుకూ సంబంధం లేదు. నివాసం ఏది అన్న చిన్న ప్రశ్న ఒక ప్రాంతపు చిత్రాన్నే మార్చేయగలదని దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇక పల్లె పట్నాల అసలు తేడా గురించి. వ్యాధి నియంత్రణ కేంద్రం 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం, అన్ని క్యాన్సర్లనూ కలిపి చూస్తే కొత్త కేసుల రేటు గ్రామీణ కౌంటీలలో పట్టణ కౌంటీలకన్నా కొంచెం తక్కువ. మరణాల రేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వరస తిరగబడుతుంది: లక్షకు పల్లెల్లో 180 మంది, పట్టణాల్లో 158 మంది. మరణాల రేటు రెండు చోట్లా తగ్గుతున్నప్పటికీ పట్టణాల్లో ఏడాదికి 1.6 శాతం చొప్పున తగ్గితే పల్లెల్లో 1.0 శాతమే తగ్గింది. రకాలవారీగా విడదీస్తే విషయం ఇంకా తేటపడుతుంది. రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ రేట్లు పట్టణాల్లో ఎక్కువ. ఊపిరితిత్తుల, పెద్దపేగు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల రేట్లు పల్లెల్లో ఎక్కువ. మొదటి రెండూ వెతికేకొద్దీ ఎక్కువగా బయటపడే జబ్బులు. మామోగ్రామ్, రక్తపరీక్ష అందుబాటులో ఉన్నచోట కేసుల సంఖ్య పెరుగుతుంది, వాటిలో కొన్ని ఎప్పటికీ ప్రాణం మీదికి రానివి కూడా ఉంటాయి. తరువాతి మూడింటిలో పొగతాగడానికి, ముందుగా పరీక్ష చేసి కణితి కాకముందే తీసేసే సౌకర్యం లేకపోవడానికి పెద్ద పాత్ర ఉంది. కాబట్టి ఒకచోట రేటు ఎక్కువంటే అక్కడ జబ్బు ఎక్కువని ఒక అర్థం, వైద్యం బాగా అందుతోందని ఇంకొక అర్థం. ఏది ఏదో తెలియాలంటే కొత్త కేసుల పట్టికను, మరణాల పట్టికను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఆ వీలు ఈ సేవలో ఉంది.

లోపాలు లేవని కాదు. గ్రామీణం, పట్టణం అన్న గుర్తు వెనుక అమెరికా వ్యవసాయశాఖ రూపొందించిన తొమ్మిది అంచెల వర్గీకరణ ఉంది. అందులో మొదటి మూడు మహానగర ప్రాంతపు కౌంటీలు, మిగిలిన ఆరు దానికి వెలుపలివి. పట్టికకు వచ్చేసరికి ఆ తొమ్మిదీ రెండు ముక్కలైపోతాయి. నగరం పక్కనే ఉన్న చిన్న పట్నమూ, ఏ ఊరికీ దగ్గర కాని కొండప్రాంతమూ ఒకే ‘గ్రామీణం’ కింద చేరతాయి. అంతకన్నా పెద్ద ఇబ్బంది కౌంటీ పరిమాణంలో ఉంది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ విస్తీర్ణం దాదాపు 52 వేల చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాలు మూడింటినీ కలిపినంత. దానిలో ఎక్కువ భాగం ఎడారి. అయినా ఒక మూలన నగరాలు ఉన్నందున మొత్తం కౌంటీ పట్టణం కిందికే వస్తుంది, ఆ ఎడారి మధ్య ఊళ్ళలో ఉండేవారి కష్టం నగరపు సగటులో కలిసిపోతుంది. కాన్సాస్ వంటి రాష్ట్రంలో చట్టం అనుమతించనందున కౌంటీలవారీ కొత్త కేసుల లెక్కలు బయటికి రాకపోవడం మరొక ఖాళీ. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు ఆగిపోయి కేసులు తగ్గినట్టు కనిపించడాన్ని మాత్రం ధోరణి లెక్కలో కలపకుండా పక్కన పెట్టారు. అది మెచ్చుకోదగిన జాగ్రత్త.

ఈ పట్టికలను చూసినవారికి మన సంగతేమిటన్న ప్రశ్న రాక తప్పదు. భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని 1981లో మొదలుపెట్టింది. 2020లో వచ్చిన నివేదికలో 28 జనాభా రిజిస్ట్రీల (అంటే ఒక ప్రాంతపు నివాసుల్లో వచ్చిన క్యాన్సర్ కేసులన్నిటినీ నమోదు చేసే కేంద్రాల) లెక్కలు ఉన్నాయి, వాటిలో తెలుగు ప్రాంతానికి చెందినది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. ఆ నివేదికలో పురుషుల రేటు మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాలో లక్షకు 269.4 ఉంటే, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ అనే గ్రామీణ జిల్లాలలో 39.5. దాదాపు ఏడురెట్ల తేడా. ఈ అంకెలను అమెరికా అంకెల పక్కన పెట్టకూడదని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన రిజిస్ట్రీలు ప్రపంచ ప్రామాణిక జనాభాతో వయసు సవరణ చేస్తాయి, ఆ జనాభా అమెరికా ప్రామాణికం కన్నా చాలా చిన్న వయసుది. మన దేశంలోపలి తేడాను కూడా ఊరికే నమ్మేయరాదు. అయితే ఉస్మానాబాద్ పక్కనున్న బార్షీలో 1987 నుంచే గ్రామీణ రిజిస్ట్రీ ఉంది, దాని ఉద్యోగులు ఆసుపత్రి రికార్డుల కోసం ఎదురుచూడకుండా ఊరూరా తిరిగి అనుమానితులను గుర్తించి లెక్క రాసేవారు. అంత శ్రమ తీసుకున్నచోట వచ్చిన తక్కువ రేటుకు విలువ ఉంటుంది. శ్రమ తీసుకోనిచోట తక్కువ రేటు వస్తే అది లెక్కకు అందని రోగుల సంఖ్యనే చెబుతుంది.

మన రాయలసీమలో ఈ లెక్క ఎక్కడ జారిపోతుందో చూడటం కష్టం కాదు. కళ్యాణదుర్గం వైపు రైతుకు గొంతులో గడ్డ వస్తే బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి పోతాడు. కడప నుంచి కొందరు వేలూరుకో తిరుపతికో పోతారు, కర్నూలు వాళ్ళు హైదరాబాదుకో, తమ ఊళ్ళోనే ఉన్న స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో వెళ్తారు. బెంగళూరులో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు అక్కడ పనిచేసే కొడుకు ఇంటి చిరునామా ఇవ్వడం మామూలే. రిజిస్ట్రీ నియమం ప్రకారం కనీసం ఏడాదిపాటు నివాసం ఉన్నవారినే ఆ నగరపు లెక్కలో చేర్చాలి. ఆ ప్రశ్న అడిగేవారు, జవాబును సరిచూసేవారు లేకపోతే ఒక కేసు నగరానికి కలుస్తుంది, పల్లెకు తగ్గుతుంది. అమెరికాలో రాష్ట్రాల రిజిస్ట్రీలు ఒకదానికొకటి రికార్డులు పంపుకుని రోగిని అతని సొంత కౌంటీ ఖాతాలోకి తిరిగి చేరుస్తాయి. మనకు కర్ణాటక, తమిళనాడు, తెలంగాణలతో అటువంటి మార్పిడి ఉంటే తప్ప సీమ జిల్లాల రేటు ఎన్నటికీ నిజం చెప్పదు. దీనికితోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీలాయి. 2011 తరువాత జనగణన జరగక, ఏ జిల్లా రేటుకైనా కింద వేయాల్సిన జనాభా ఇంకా అంచనాగానే ఉంది.

మా కాలంలో ఈ జబ్బే లేదప్పా అనే మాట పెద్దల నోట వింటుంటాం. దానికి పూర్తి వ్యతిరేకమైన మాట కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల వింటాం. భూగర్భజలాల గురించి అక్కడి ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి ఆందోళన చెబుతూనే ఉన్నారు. ఆ ఆందోళనను కొట్టిపారేయడానికి గానీ, అది నిజమేనని తేల్చడానికి గానీ మనిషిమనిషినీ లెక్కించిన రిజిస్ట్రీ కావాలి. పదిహేను వందల జనాభా ఉన్న ఊరిని ఊహించుకుందాం. రేటు లక్షకు 100 అయితే ఆ ఊళ్ళో ఏడాదికి సగటున ఒకటిన్నర కేసు రావాలి. ఒక ఏడాది నలుగురికి వచ్చిందంటే ఊరంతా భయపడుతుంది, భయపడటం న్యాయమే. కానీ అలాంటి నూరు ఊళ్ళను తీసుకుంటే వాటిలో ఆరేడు ఊళ్ళకు ఏ కారణమూ లేకుండానే, కేవలం యాదృచ్ఛికంగా, ఒక ఏడాదిలో నాలుగో అంతకన్నా ఎక్కువో కేసులు వస్తాయి. మన ఊరు ఆ ఆరేడింటిలో ఒకటా, లేక నిజంగానే నీళ్ళలో ఏదో ఉందా అన్నది ఏటికేడు, పక్క ఊళ్ళతో సహా, వయసులు రాసుకుంటూ లెక్కపెట్టినప్పుడే తెలుస్తుంది. ఆ లెక్క తెలుసుకోవడం ఆ ఊళ్ళ ప్రజల హక్కని నా నమ్మకం.

ఐదు నక్షత్రాలకు ఈ సేవకు నాలుగు ఇస్తాను. పల్లె పట్నాలను రెండే గదులుగా చేసినందుకు ఒకటి తగ్గించాను. ప్రజారోగ్యం, గణాంకం, భూగోళం చదివే విద్యార్థులకు, ఆరోగ్య వార్తలు రాసే విలేకరులకు దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. మన జిల్లా గురించి జవాబు వెతుక్కునేవారికి ఇది పనికిరాదు. కొత్తగా చూసేవారు కెంటకీ రాష్ట్రాన్ని, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఎంచుకుని మొదలుపెట్టడం మంచిది. దేశంలో ఆ జబ్బు రేటు అత్యధికంగా ఉన్న రాష్ట్రమది, తూర్పువైపు బొగ్గుగనుల కొండ కౌంటీలలో అది ఎలా ముదిరిందో పటంలో స్పష్టంగా కనబడుతుంది. ఆ తరువాత అదే పటాన్ని రొమ్ము క్యాన్సర్‌కు మార్చి చూడాలి. కంప్యూటర్ తెరమీద చూస్తేనే నిలువు వరుసలన్నీ ఒకచోట కనబడతాయి, పట్టికను దింపుకుని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచే వీలూ ఉంది. దింపుకున్నాక రేటు వరుస కన్నా ముందు, ఏడాదికి సగటు కేసుల వరుసను చూడండి.